వాతావరణ నిధుల నిర్వాహకులకు మూసీ ఒడ్డు బస్తీల నుంచి బహిరంగ లేఖ

హైదరాబాద్

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ అధికారులకు, రాష్ట్ర ప్రభుత్వ అధికారులకు, గ్రీన్ క్లైమేట్ ఫండ్, అడాప్టేషన్ ఫండ్ పాలక మండళ్ల సభ్యులకు, వచ్చే ఐక్యరాజ్య సమితి వాతావరణ సదస్సుకు మన దేశం తరఫున వెళ్లనున్న ప్రతినిధులకు,

నమస్కారాలు.

చాదర్‌ఘాట్ దిగువన మూసీ ఒడ్డున ఉన్న బస్తీల మహిళా పొదుపు సంఘాల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నేను ఉద్యోగ విరమణ చేసిన ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. చాలా ఏళ్లుగా ఈ సంఘాల లెక్కల పుస్తకాలు నేనే రాసిపెడుతున్నాను. మా సంఘాలు ఒక చిన్న ప్రతిపాదన తయారు చేసుకుని, వాతావరణ నిధులకు సంబంధించిన ఒక సంస్థకు మూడుసార్లు పంపాయి. మొదటిసారి రసీదు మాత్రమే వచ్చింది. రెండోసారి అదీ రాలేదు. మూడోసారి, మేం అడిగిన మొత్తం తమ కనీస పరిమితి కంటే చాలా చిన్నదనీ, దరఖాస్తు నిర్ణీత నమూనాలో లేదనీ నాలుగు వాక్యాల ఇంగ్లీషు ఉత్తరం వచ్చింది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అక్కడి ఉద్యోగులు తమ నియమాల ప్రకారమే నడుచుకున్నారని మా నమ్మకం. మా ఫిర్యాదు ఆ నియమాల మీద. వాటిని మార్చగలిగినవారు మీరు కాబట్టి ఈ లేఖను మీకు బహిరంగంగా రాస్తున్నాం.

మేం అడిగినదేమిటో ముందు చెప్పాలి. మా బస్తీల్లో మూడు వందల పైచిలుకు సిమెంటు రేకుల ఇళ్లున్నాయి. వాటి కప్పుల మీద వేసవికి ముందు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేయించాలనీ, రెండేళ్లకోసారి మళ్లీ పూయడానికి బస్తీలోనే పదిమంది ఆడవాళ్లకు పని నేర్పించాలనీ, నాలా పొంగితే రాత్రిపూట కూడా తెలిసేలా ఒక సైరన్ పెట్టించాలనీ అడిగాం. మొత్తం ఖర్చు కొన్ని లక్షల రూపాయలు దాటదు.

ఆ ఇళ్లలో ఒకదాని గురించి చెబుతాను. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లోకి వెళ్తే పొయ్యి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. ఆ ఇల్లాలు చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతుంది. పన్నెండు దాటితే కుట్టుమిషను ఇనుప చక్రం మీద చేయి ఆనదు కాబట్టి దానికి తడిగుడ్డ చుట్టి తిప్పుతుంది. రేకు మీద గోనెసంచులు పరిచి గంటకోసారి నీళ్లు చల్లుతుంది. ఆ నీళ్లు ట్యాంకర్ దగ్గర క్యూలో నిలబడి తెచ్చుకున్నవే. ఒంటిగంట నుంచి నాలుగు దాకా మిషను ఆపేసి, పిల్లలను తీసుకుని వీధి చివర వేపచెట్టు కిందికి వెళ్తుంది. ఆమెకు చీర లెక్కన డబ్బు ఇస్తారు గనుక ఆ మూడు గంటల కూలి పోయినట్టే. అదే సందులో రెండేళ్ల కిందట మేమే చందాలు వేసుకుని ఒక ఇంటి కప్పుకు సున్నంలో బంక కలిపి మూడు పూతలు వేయించాం. ఆ వేసవిలో ఆ ఇంటి పిల్లలు మధ్యాహ్నం తమ ఇంట్లోనే నిద్రపోయారు. చుట్టుపక్కలవాళ్లు వచ్చి రేకు కింద చేయి పెట్టి చూసి వెళ్లారు. మా ప్రతిపాదన పుట్టింది అక్కడే.

మా దరఖాస్తు ఎందుకు నిలబడలేదో తర్వాత వెతికి తెలుసుకున్నాం. వర్ధమాన దేశాల వాతావరణ పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ తన ప్రాజెక్టులను పరిమాణాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజించింది. వాటిలో అన్నిటికంటే చిన్నదైన 'సూక్ష్మ' తరగతికి పైహద్దు కోటి డాలర్లు, అంటే మన డబ్బులో 85 కోట్ల రూపాయలకు పైమాటే. లక్షల్లో ఉన్న మా అవసరానికి ఆ తరగతుల్లో చోటెక్కడుందో మాకు కనబడలేదు.

మేం అడుగుతున్నది దానం కాదని కూడా మనవి చేస్తున్నాను. 2015 డిసెంబరులో కుదిరిన పారిస్ ఒప్పందంలోని 9వ అధికరణం అభివృద్ధి చెందిన దేశాలు వర్ధమాన దేశాలకు ఆర్థిక వనరులు సమకూర్చాలని చెబుతుంది. 10వ అధికరణం సాంకేతికత గురించి, 11వది సామర్థ్య నిర్మాణం గురించి మాట్లాడతాయి. అదే ఒప్పందం కింద మన దేశం 2022 ఆగస్టులో సమర్పించిన హామీ పత్రంలోనూ, 2030 నాటికి విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగాన్ని శిలాజేతర వనరుల (బొగ్గు, చమురు, గ్యాస్ కానివాటి) నుంచి సాధిస్తామన్న వాక్యంలోనే, సాంకేతికత బదిలీ, తక్కువ ఖర్చుతో వచ్చే అంతర్జాతీయ నిధుల సాయంతో అన్న మాట రాసి ఉంది. ఆ సగం లక్ష్యాన్ని మన దేశం ఐదేళ్లు ముందుగా, 2025 మధ్యనాటికే చేరుకుంది. 2025 జులై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయం, వాతావరణ రక్షణలో పరస్పరం సహకరించుకోవడం దేశాల చట్టబద్ధమైన బాధ్యత అని స్పష్టం చేసింది. ఇన్ని చోట్ల రాసుకున్న సహకారం మా వీధి దాకా రాకపోవడం వల్ల సామాన్యులకు ఏం జరుగుతున్నదో వరుసగా విన్నవిస్తున్నాను.

1. ఎండ. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే వారిలో అత్యధికులు మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. కూలీలు, రిక్షావాళ్లు, ముసలివాళ్లు, రేకుల కింద కాపురం ఉండేవాళ్లు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం తెచ్చింది. అది మంచి విధానం, దాన్ని మేం మనసారా స్వాగతించాం. అయితే దాని ప్రకారం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాల్లోని ఇళ్లకు ఆ పూత తప్పనిసరి, చిన్నవాటికి ఐచ్ఛికం. అరవై గజాల్లో రేకులు వేసుకున్న మనిషికి ఐచ్ఛికం అంటే, సొంత డబ్బుంటే చేయించుకోమని అర్థం. 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అందుకు కృతజ్ఞులం. ఒక మనిషి పోయాక ఒక ఇంటికి ఇచ్చే ఆ డబ్బుతో బతికున్నప్పుడు ఎన్ని కప్పులకు పూత వేయించవచ్చో మా సంఘంలో చదువురాని సభ్యురాలు కూడా వేళ్ల మీద లెక్కకట్టి చెప్పగలదు. మారుతున్న వాతావరణాన్ని తట్టుకునేందుకు ఇచ్చే అంతర్జాతీయ అనుసరణ నిధులు పూడ్చవలసింది సరిగ్గా ఈ ఖాళీనే.

2. వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, నిజాం ప్రభుత్వం ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకుంది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. బయటి నైపుణ్యం, ఇక్కడి ఖజానా, ఇక్కడి అవసరం కలిస్తే ఏమవుతుందో ఈ ఊరికి వందేళ్ల కిందటే తెలుసు. 2020 అక్టోబరు 13 రాత్రి నగర శివారు ఘట్‌కేసర్ ప్రాంతంలో దాదాపు 32 సెంటీమీటర్ల వాన కురిసింది. మా బస్తీల్లో నీళ్లు మంచాల ఎత్తు దాటినప్పుడు మమ్మల్ని లేపింది ఏ హెచ్చరికా కాదు, పక్కింటివాళ్ల కేకలు. బియ్యం డబ్బాలు, పిల్లల సర్టిఫికెట్లు, కుట్టుమిషను మోటార్లు అన్నీ బురదలో కలిశాయి. ఆ సర్టిఫికెట్ల నకళ్ల కోసం తిరిగిన నెలల లెక్క ఏ నష్ట నివేదికలోనూ ఉండదు. వాతావరణ విపత్తుల్లో దెబ్బతిన్న దేశాలను ఆదుకునే నష్టాల నిధికి 2022లో షర్మ్ ఎల్ షేక్ వాతావరణ సదస్సు ఒప్పుకుంది, 2023లో దుబాయి సదస్సు తొలిరోజునే దాన్ని ఆరంభించింది. అప్పట్లో దానికి ప్రకటించిన మొత్తం సుమారు 70 కోట్ల డాలర్లు. అంతకు ముందు ఏడాది ఒక్క పాకిస్థాన్ వరదల్లోనే 3.3 కోట్ల మంది దెబ్బతిన్నారు, నష్టం 3,000 కోట్ల డాలర్ల దాకా ఉందని అంచనా వేశారు. ఆ దేశానికి తర్వాత ప్రకటించిన సాయంలో అధిక భాగం మళ్లీ అప్పే.

3. అప్పు. ఇది మా సంఘాలకు బాగా తెలిసిన విషయం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 2020 నాటికి ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూరుస్తామని సంపన్న దేశాలు 2009లో కోపెన్‌హాగెన్‌లో మాట ఇచ్చాయి. ఆ మాట రెండేళ్లు ఆలస్యంగా, 2022లో నెరవేరింది. ఆ ఏడాది లెక్క 11,590 కోట్ల డాలర్లని ఆ దేశాల సొంత ఆర్థిక సహకార సంస్థే చెప్పింది. అందులో ప్రభుత్వాల ద్వారా వచ్చిన డబ్బులో మూడింట రెండు వంతులకు పైగా రుణాలే. అనుసరణకు దక్కింది 3,240 కోట్లు. ఇప్పుడు డాలరు లెక్క చూడండి. పారిస్ ఒప్పందం కుదిరిన నెలలో డాలరు విలువ 66 రూపాయల చిల్లర. 2025 డిసెంబరులో అది 90 దాటింది. అప్పుడు వంద డాలర్లు తెచ్చుకున్నవాడు వడ్డీ మాట అటుంచి అసలుకే రెండు వేల రూపాయలకు పైగా అదనంగా కట్టాలి. మా సంఘంలో పదివేలు అప్పు తీసుకున్న సభ్యురాలితో, ఏడాది తర్వాత అసలే పన్నెండువేలు అయిందని అంటే మేం ముఖం చూపించగలమా? సోలార్ పంపు కోసం, నాలా గోడ కోసం, విత్తన నిల్వ కోసం తెచ్చే డబ్బుకు ఇదే పద్ధతి వర్తించినప్పుడు, ఆ భారం చివరకు కరెంటు బిల్లు రూపంలోనో, నీటి పన్ను రూపంలోనో మా ఇంటికే వస్తుంది. ఈ భూతాపానికి కారణమైన ఉద్గారాల చరిత్రలో మా వాటా ఎంతో మీకు తెలుసు. ఈనాటికీ మన దేశపు తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగం కూడా లేవు.

4. బొగ్గు. కట్టిన సామర్థ్యంలో సగం శిలాజేతరమైనా, నిజంగా ఉత్పత్తయ్యే విద్యుత్తులో సింహభాగం ఇప్పటికీ బొగ్గుదే. అందువల్ల మిగిలిన హామీలు నెరవేరాలంటే సింగరేణి ప్రాంతంలో వేల కుటుంబాల బతుకు మారాలి. కొత్తగూడెం, రామగుండం, మందమర్రి వంటి ఊళ్లలో గని మూతపడితే టీ కొట్టు, ఆటో, బడి అన్నీ దానితోపాటే మూతపడతాయి. ఇలాంటి మార్పు కోసం దక్షిణాఫ్రికాకు 2021లో ప్రకటించిన 850 కోట్ల డాలర్ల ప్యాకేజీలో గ్రాంటు, అంటే తిరిగి కట్టనక్కర్లేని డబ్బు, నూటికి నాలుగు పాళ్లే అని తేలింది. 2025 మార్చిలో అమెరికా ఆ ఏర్పాటు నుంచే తప్పుకుంది. గని కార్మికుల పిల్లలకు కొత్త పని నేర్పించే ఖర్చును అప్పు తెచ్చి చేయమనడం న్యాయం కాదు.

5. సరిహద్దు పన్ను. ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల వంటి దిగుమతుల మీద, వాటి తయారీలో వెలువడిన కర్బనాన్ని బట్టి కర్బన భారం విధిస్తోంది. బోల్టులు, మరలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. బాలానగర్, జీడిమెట్ల షెడ్లలో ఐదారుగురితో లేతు మిషన్లు నడిపే చిన్న యజమానికి తన సరుకులో ఎంత కర్బనం ఉందో లెక్కకట్టి చూపించే స్తోమత లేదు. లెక్క ఇవ్వలేకపోతే ఆర్డరు పోతుంది.

సహకారం పనిచేయదని మేం అనడం లేదు. పనిచేసిన చోటు మాకు ఒక పూట ప్రయాణం దూరంలోనే ఉంది. రంగారెడ్డి జిల్లా శంకరపల్లి దగ్గరి కొత్తపల్లిలో 1999లో పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిసాట్ శాస్త్రవేత్తలు, ప్రభుత్వ శాఖలు, ఒక స్వచ్ఛంద సంస్థ, గ్రామస్థుల కమిటీ కలిసి ఆదర్శ వాటర్‌షెడ్ పనులు మొదలుపెట్టారు. ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయం చేసింది. చెక్‌డ్యాములు, నీటి గుంటలు, మెట్టభూముల్లో తేమను నిలిపే సాగు పద్ధతులు వచ్చాయి, బావుల్లో నీళ్లు పెరిగాయి. డబ్బు బయటిది, విద్య పొరుగూరిది, ఎక్కడ కట్ట వేయాలన్న నిర్ణయం మాత్రం ఊరివాళ్లది. ఆ మూడోది ఉన్నందువల్లే మిగతా రెండూ నిలిచాయని నా అభిప్రాయం.

ఈ ఊరు ఇతరులకు ఇస్తున్నది కూడా ఉంది. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రంలో 2007 నుంచి సునామీ హెచ్చరిక వ్యవస్థ నడుస్తోంది. హిందూ మహాసముద్ర తీరదేశాలకు ఆ హెచ్చరికలు ఇక్కడి నుంచి వెళ్తాయి. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రిడా, వానలు మొహం చాటేసినప్పుడు ఏ పంట వేయాలో దేశంలోని జిల్లాలకు విడివిడిగా ప్రణాళికలు తయారు చేసింది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య సదస్సు మాదాపూర్‌లో జరిగినప్పుడు, వర్ధమాన దేశాలకు ఆ రంగంలో ఇచ్చే నిధులను 2015 నాటికి రెట్టింపు చేయాలని దేశాలు అంగీకరించినదీ ఈ నగరంలోనే. హిందూ మహాసముద్రం అవతలి తీరానికి అర్ధరాత్రి హెచ్చరిక పంపగల నగరంలో మూసీ ఒడ్డు బస్తీకి ఒక సైరన్ లేకపోవడం మాకు ఎంతో బాధగా ఉంది.

అందువల్ల ఈ కింది కోరికలను మీ ముందు ఉంచుతున్నాం.

1. మన దేశంలో ఈ నిధులకు గుర్తింపు పొందిన సంస్థల ద్వారా, కోటి రూపాయల లోపు అవసరాలకు ప్రత్యేకమైన చిన్న గ్రాంటుల పద్ధతి పెట్టాలి. మహిళా సమాఖ్యలు, గ్రామ పంచాయతీలు, నగర వార్డు కమిటీలు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలుండాలి. దీనికి కొత్త ఒప్పందాలు అవసరం లేదు. ఉప ప్రాజెక్టుల ఎంపికను దేశంలోని సంస్థకే వదిలిపెట్టే విధానాన్ని గ్రీన్ క్లైమేట్ ఫండ్ 2015లోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. దాన్ని మన రాష్ట్రానికి తీసుకురావాలి.

2. దరఖాస్తు ఫారం, నియమాలు, జవాబు తెలుగులో, ఉర్దూలో ఉండాలి. అందిన తొంభై రోజుల్లోగా అంగీకారమో, కారణాలతో తిరస్కారమో రాతపూర్వకంగా ఇవ్వాలి. తిరస్కరిస్తే ఏం సరిదిద్దుకోవాలో చెప్పే మనిషి ఒకరు జిల్లాలో ఉండాలి.

3. అనుసరణకు, నష్టాలకు ఇచ్చే డబ్బు గ్రాంటుగానే ఉండాలి. ఉద్గారాల తగ్గింపుకు రుణం తప్పనిసరైతే అది రూపాయల్లో ఉండాలి, మారకపు నష్టాన్ని ఇచ్చేవారే భరించాలి.

4. 2024లో బాకూ వాతావరణ సదస్సు, సంపన్న దేశాల నేతృత్వంలో వర్ధమాన దేశాలకు 2035 నాటికి ఏటా 30,000 కోట్ల డాలర్లు సమకూర్చాలని తేల్చింది. వర్ధమాన దేశాలు అడిగింది 1.3 లక్షల కోట్ల డాలర్లు. మన ప్రతినిధులు అక్కడే అభ్యంతరం చెప్పారు, అది మాకు ధైర్యాన్నిచ్చింది. 2025లో బెలెం సదస్సు అనుసరణ నిధులను మూడింతలు చేసే గడువును కూడా 2035కే పెట్టింది. అప్పటికి ఈ ఏడాది మా బడిలో ఒకటో తరగతిలో చేరిన పిల్ల పదో తరగతికి వచ్చి ఉంటుంది. ఏ ఏడాదికి ఏ దేశం ఎంత ఇస్తుందో ఏటేటా లెక్క ప్రకటించాలని వచ్చే సదస్సులో పట్టుబట్టాలి.

5. కర్బన సరిహద్దు పన్నుల ద్వారా వసూలయ్యే ఆదాయాన్ని ఆ సరుకు తయారుచేసిన దేశాల చిన్న పరిశ్రమలకే తిరిగి ఇవ్వాలని చర్చల్లో కోరాలి. ఈలోగా లెక్కలు కట్టడంలో సాయపడే కేంద్రాన్ని బాలానగర్‌లో తెరవాలి.

6. బొగ్గు ప్రాంతాల మార్పిడి ప్రణాళికలను కార్మిక సంఘాలతో కూర్చుని తయారు చేయాలి, ఆ తర్వాతే నిధుల చర్చకు వెళ్లాలి.

7. వాతావరణం పేరుతో విదేశాల నుంచి రాష్ట్రానికి ఎంత వచ్చింది, అందులో అప్పెంత, గ్రాంటెంత, ఏ ఊరికి ఏం జరిగింది అన్న పట్టికను ఏటా తెలుగులో ప్రచురించాలి.

మా ప్రతిపాదన ప్రతిని, మూడు దరఖాస్తుల నకళ్లను, వచ్చిన ఒక రసీదును, ఒక ఉత్తరాన్ని ఈ లేఖతో జతచేస్తున్నాం. ఇళ్ల జాబితాలో కప్పు కొలతలు ఇంటింటికీ తిరిగి టేపుతో మేమే తీసినవి. అనుమానం ఉంటే అధికారులు ఎప్పుడైనా వచ్చి సరిచూసుకోవచ్చు, దగ్గరుండి చూపిస్తాం. పూత ఫిబ్రవరి చివరికల్లా పూర్తయితేనే ఆ వేసవికి పనికొస్తుంది కాబట్టి, సంక్రాంతి లోపు మీ జవాబు కోరుతున్నాం. అది ఏ భాషలో వచ్చినా, ప్రతి నెలా చివరి ఆదివారం కమ్యూనిటీ హాల్లో జరిగే సంఘాల సమావేశంలో తెలుగులోనూ, ఉర్దూలోనూ చదివి వినిపిస్తాం.

ఇట్లు,
మూసీ ఒడ్డు బస్తీల మహిళా పొదుపు సంఘాల తరఫున,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు